నిద్ర అమ్ముకుని కొన్న టికెట్

మిలాన్‌లోని డువోమో చర్చి కట్టడం 1386లో మొదలైంది. పూర్తవడానికి దాదాపు ఆరు వందల ఏళ్లు పట్టింది. అక్కడక్కడా గులాబీ ఛాయ కనిపించే తెల్లని పాలరాతి గోడలు, వాటి నిండా వేలకొద్దీ శిల్పాలు. అంత దూరం వెళ్లి, ఆ చర్చి ఎదుటి మెట్ల మీద, బ్యాగు పట్టీ మణికట్టుకు చుట్టుకుని రెండు గంటలు నిద్రపోయాను. నాతో వచ్చిన ముగ్గురు అమ్మాయిలూ అంతే. కళ్లు తెరిచేసరికి నవంబర్ పొద్దు వాలిపోతోంది. కాళ్లు చలికి కొయ్యబారిపోయాయి. ఆ రోజు మేం మిలాన్‌లో ఉన్నాం, అంతే. మిలాన్ చూశామని చెప్పడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.

జర్మనీకి మాస్టర్స్ చదవడానికి వచ్చిన మొదటి చలికాలం అది. మాది కొవ్వూరు. ఇక్కడ ఉండేది కెమ్నిట్జ్‌లో. మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్న ఊరు. "రానూపోనూ 38 యూరోలకే మిలాన్" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడగానే మేం నలుగురం పది నిమిషాల్లో బుక్ చేసేశాం. మిలాన్‌లో ఏం చూడాలో మాలో ఒక్కరికీ తెలియదు. టికెట్ చవగ్గా వచ్చింది కాబట్టి ఊరు నచ్చింది. ఫ్లైట్ పొద్దున ఆరున్నరకి, బెర్లిన్ నుంచి. ఆ వేళకి చేరాలంటే కెమ్నిట్జ్ నుంచి పొద్దున బయల్దేరే రైలేదీ లేదు. ముందురోజు సాయంత్రమే రెండు రైళ్లు మారి వెళ్లి, రాత్రంతా ఎయిర్‌పోర్టులో నేల మీద పడుకోవాల్సి వచ్చింది. పడుకున్నామనే గానీ, ఆ లైట్ల వెలుగులో, ఆ అనౌన్స్‌మెంట్ల మధ్య ఎవరికి నిద్ర పడుతుంది?

సెక్యూరిటీ దగ్గర నా బ్యాగు పక్కకి తీశారు. అందులో గోంగూర పచ్చడి సీసా ఉంది. బయట తినే ఖర్చు తగ్గుతుందని చపాతీలతో పాటు పెట్టుకున్నాను. అమ్మ ఇంటి నుంచి పార్సిల్‌లో పంపినది. మూతకి పాలిథిన్ కవరు చుట్టి, దాని మీద రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, నూనె కారకుండా ఇంకో కవర్లో పెట్టి పంపింది. ఆ అధికారి కవర్లు ఒక్కొక్కటే విప్పి, సీసా వంచి చూశాడు. పైన తేలిన నూనె మెల్లగా ఒక పక్కకి జారింది. ముద్దలా ఉండేది ఏదైనా సరే, 100 మిల్లీలీటర్లు దాటితే అప్పుడక్కడ చేతి సామానులో తీసుకెళ్లనివ్వలేదు. తప్పు ఆయనది కాదు, రూల్ అది. ముందే తెలుసుకోవాల్సింది నేను. అయినా ఆ సీసా డబ్బాలో పడిన చప్పుడు నాకింకా గుర్తుంది.

తర్వాత గేటు దగ్గర నా బ్యాగు కొలత మూడు వేళ్లు ఎక్కువైందని 45 యూరోలు కట్టించుకున్నారు. మిలాన్ ఎయిర్‌పోర్టు అన్నారు గానీ దిగింది బెర్గామోలో. అక్కడి నుంచి ఊళ్లోకి బస్సులో దాదాపు గంట, రానూపోనూ 20 యూరోలు. హాస్టల్లో పది మంది పడుకునే గదిలో ఒక మంచం 42. తిండికీ మెట్రోకీ ఇంకో 62. ఆదివారం రాత్రి తిరుగు ఫ్లైట్ బెర్లిన్‌లో దిగేసరికి మా ఊరికి రైళ్లు అయిపోయాయి. మళ్లీ ఎయిర్‌పోర్టు నేలే. సోమవారం పొద్దున తొమ్మిదికి రూముకి చేరి, ఎనిమిదిన్నర క్లాసు పోగొట్టుకుని, మధ్యాహ్నం దాకా పడుకున్నాను.

మొత్తం 207 యూరోలు. ఇరవై వేల రూపాయల పైమాటే. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటారు చూడండి, సరిగ్గా అలా. 2026 జనవరి నుంచి జర్మనీలో కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. ఆ లెక్కన చూసినా ఇది 15 గంటల పని. బేకరీలో తెల్లవారుజామున ట్రేలు మోసే పని చేశాను కాబట్టి ఆ 15 గంటలంటే ఏమిటో నాకు తెలుసు.

డబ్బు సంగతి అలా ఉంచండి. నేను చెప్పాలనుకుంటున్నది నిద్ర గురించి. మన స్టూడెంట్లలో "బడ్జెట్ ట్రావెల్" అంటే దాదాపు ఎప్పుడూ ఒకటే పద్ధతి. రాత్రి బస్సెక్కు, హాస్టల్ ఖర్చు మిగుల్చుకో. తెల్లవారుజాము ఫ్లైట్ పట్టు, టికెట్ మీద మిగుల్చుకో. మూడు రాత్రులు సరిగ్గా పడుకోకుండా నాలుగు దేశాలు తిరిగొచ్చినవాళ్లని మెచ్చుకుంటాం. నిద్ర అమ్ముకుని మిగిల్చిన ఆ డబ్బుని నేను మిగులు అనను. ఏ పగలు చూడటానికి అంత దూరం వెళ్లామో, ఆ పగలే దానికి ఖర్చవుతుంది. తలనొప్పితో, వాచిన కాళ్లతో, ఎక్కడ కాసేపు కూర్చోవాలా అని వెతుక్కుంటూ తిరిగిన ఊరు మనకి ఏం మిగులుతుంది? ఫోన్‌లో ఫొటోలు ఉంటాయి. వాటిలో నవ్వుతూనే ఉంటాం.

చవక ఫ్లైట్ల విషయంలో అసలు చిక్కు దూరం. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ ఎయిర్‌పోర్టు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 120 కిలోమీటర్లు. పారిస్ పేరుతో అమ్మే బోవే పారిస్‌కి 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. మ్యూనిక్ పేరు తగిలించుకున్న మెమ్మింగెన్ మ్యూనిక్‌కి 110 కిలోమీటర్ల పైనే. పొద్దున ఆరింటి ఫ్లైట్ ఇలాంటి చోటి నుంచి ఉందంటే, ముందురోజు రాత్రి కూడా ఆ టికెట్‌లో భాగమేనని తెలుసుకోవాలి. ఆ రాత్రికి ధర ఎక్కడా రాసి ఉండదు.

బస్సుల మీద నాకు కోపం లేదు. 2013 జనవరిలో జర్మనీ చట్టం మార్చే దాకా ఇక్కడ ఊరి నుంచి ఊరికి దూరపు బస్సులు నడపడం మీద గట్టి ఆంక్షలుండేవి. రైళ్లకి పోటీ రాకూడదని 1930ల నుంచీ ఉన్న కట్టుబాటు అది. ఆ తలుపు తెరుచుకున్న ఏడాదే మ్యూనిక్‌లో ఫ్లిక్స్‌బస్ అనే దూరపు బస్సుల కంపెనీ మొదలైంది. ఈ రోజు మనలాంటివాళ్లు 15, 20 యూరోలకి ప్రాగ్ వెళ్లగలుగుతున్నారంటే ఆ మార్పు వల్లే. పగటి బస్సెక్కండి, హాయిగా ఎక్కండి. నేను వద్దనేది రాత్రి బస్సు. కూర్చున్న సీటు నాలుగు వేళ్లు వెనక్కి వంగితే ఎక్కువ. రెండు గంటలకోసారి ఏదో పెట్రోల్ బంకు దగ్గర లైట్లన్నీ వెలుగుతాయి. సరిహద్దు దగ్గర పోలీసులు ఎక్కుతారు. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది కాబట్టి ఇది ఇంకా పెరిగింది. అర్ధరాత్రి రెండున్నరకి మొహం మీద టార్చి వేసి పాస్‌పోర్ట్ అడుగుతారు. మా జూనియర్ ఒకడు రెసిడెన్స్ కార్డు రూములో వదిలేసి ఫోన్‌లో ఫొటో పెట్టుకుని బయల్దేరాడు. ఆ వేళప్పుడు బస్సు దింపేశారు. తెల్లారేదాకా ఒక్కడే, చలిలో. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ మీద షెంగెన్ ఒప్పందంలో ఉన్న మిగతా యూరప్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు, నిజమే. కానీ పాస్‌పోర్టూ కార్డూ రెండూ ఒరిజినల్సే, ఒంటి మీదే ఉండాలి. ఒళ్లు తెలియని నిద్రలో ఉన్నప్పుడు ఆ రెండూ ఎవరైనా కాజేస్తే తర్వాత పడే పాట్లు తలుచుకోండి.

ఇంకో మాట. ఇది అమ్మాయిల కోసం. రాత్రి బస్సు చాలాసార్లు ఊళ్లోకి తీసుకెళ్లి దింపదు. స్టేషన్ వెనకాల, ఊరి చివర, ఏ పార్కింగ్ స్థలం పక్కనో దింపుతుంది. తెల్లవారుజాము నాలుగింటికి అక్కడ ఒక్క షాపూ తెరిచి ఉండదు, బాత్రూమ్ ఉండదు. హాస్టల్ వాళ్లు మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు. ఆ మూడు నాలుగు గంటలు ఎక్కడ నిలబడాలి? నేను నిలబడ్డాను. ఆ భయం ఖరీదు హాస్టల్ మంచానికి మిగిలిన 20 యూరోల కన్నా చాలా ఎక్కువ. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను వెనక్కి తగ్గను.

రాత్రి ప్రయాణమే తప్పని కాదు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో అప్పర్ బెర్త్ మీద దుప్పటి కప్పుకుని పడుకుని సికింద్రాబాద్‌లో లేచిన పిల్లలం మనం. నడుం వాల్చే చోటుంటే రాత్రి ప్రయాణం లాంటిది ఇంకోటి లేదు. ఇక్కడా అలాంటివి ఉన్నాయి. జర్మనీ రైల్వే 2016 చివర్లో తన స్లీపర్ రైళ్లు ఆపేస్తే, ఆస్ట్రియా రైల్వే కొన్ని రూట్లు తీసుకుని నైట్‌జెట్ పేరుతో నడుపుతోంది. అందులో ఆరు బెర్తుల కంపార్ట్‌మెంట్ అచ్చం మన స్లీపర్ క్లాసులాగే ఉంటుంది. ముందుగా బుక్ చేసుకుంటే ఒక హాస్టల్ రాత్రీ, ఒక రైలు టికెట్టూ కలిపితే ఎంతో అంతకే రావచ్చు. కూర్చునే సీటు ఇంకా తక్కువకే అమ్ముతారు. అది మాత్రం కొనకండి.

మరి 38 యూరోల ఫ్లైటూ వద్దు, రాత్రి బస్సూ వద్దంటే, స్టూడెంట్ ఎలా తిరగాలి? మన జేబులో ఉన్న టికెట్ ఎక్కడి దాకా పనిచేస్తుందో ముందు చూడాలి. 2022 వేసవిలో మూడు నెలలు, నెలకి 9 యూరోలతో దేశమంతా రీజనల్ రైళ్లలో, సిటీ బస్సుల్లో తిరిగే టికెట్ నడిచింది. దాని మీద వచ్చిన స్పందన చూసి 2023 మే 1న డాయిచ్‌లాండ్ టికెట్ తెచ్చారు. నెలకి 49 యూరోలు. 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి అందులో 60 శాతం ధరకే, సెమెస్టర్ ఫీజుతో కలిపి వచ్చేస్తుంది. ఐసీఈ, ఐసీ లాంటి స్పీడు రైళ్లలో చెల్లదు. కానీ దేశంలోని రీజనల్ ట్రైన్లు, ట్రాములు, సిటీ బస్సులన్నిటిలో చెల్లుతుంది. మనవాళ్లు దీన్ని క్లాసుకి వెళ్లడానికీ, ఇండియన్ స్టోర్‌కి వెళ్లి సోనా మసూరి బస్తా తెచ్చుకోవడానికీ వాడి వదిలేస్తారు. ఈ టికెట్ దేశం అంచు దాకా తీసుకెళ్తుంది. ఆ అంచు దాటితే అవతలి దేశం టికెట్, అవతలి దేశం ధరకే.

కెల్ అని ఒక ఊరుంది, రైన్ నది ఒడ్డున. అక్కడి నుంచి 2017 నుంచి ట్రామ్ నది దాటి స్ట్రాస్‌బూర్గ్ వెళ్తోంది. పదిహేను నిమిషాల్లో ఫ్రాన్స్‌లో ఉంటారు. జార్‌బ్రూకెన్ నుంచి ట్రామ్ సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని సార్‌గెమిన్ దాకా పోతుంది. ఆస్ట్రియాలోని జాల్ట్స్‌బర్గ్ స్టేషన్ వరకు డాయిచ్‌లాండ్ టికెటే చెల్లుతుంది. ట్రియర్ దగ్గర ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లక్సెంబర్గ్ 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతటా బస్సులూ ట్రాములూ సెకండ్ క్లాస్ రైళ్లూ ఉచితం చేసేసింది. కాన్‌స్టాన్స్‌లో ఉంటే నడుచుకుంటూ స్విట్జర్లాండ్ వెళ్లిపోవచ్చు. అయితే కెమ్నిట్జ్ నుంచి కెల్‌కి రీజనల్ ట్రైన్లలో రోజంతా పడుతుంది, అది మళ్లీ అదే వెర్రి. మీరున్న ఊరికి దగ్గరగా ఉన్న అంచు ఏదో చూసుకోవాలి. నాకది గోర్లిట్జ్.

మిలాన్ తర్వాత ఐదు నెలలకి అక్కడికి వెళ్లాను. శుక్రవారం పొద్దున రూములో కడుపునిండా తిని, పులిహోర డబ్బా పెట్టుకుని, డ్రెస్డెన్‌లో మారి, మూడు గంటల్లో గోర్లిట్జ్. టికెట్‌కి కొత్తగా ఒక్క సెంటు ఖర్చు కాలేదు. రైల్లో కిటికీ పక్క చిన్న బల్ల వంచుకుని, దాని మీద డబ్బా తెరిచాను. పక్కనే గోంగూర సీసా, అమ్మ పంపిన రెండోది. ఎవరూ సీసా వంచి చూడలేదు.

గోర్లిట్జ్ 1945 దాకా ఒకే ఊరు. యుద్ధం తర్వాత నైసె నది సరిహద్దు అయింది. తూర్పు ఒడ్డున ఉన్న భాగం పోలండ్‌కి వెళ్లి జ్గోజెలెట్స్ అయింది. పాతూరి దగ్గర నడక వంతెన ఉంది. యుద్ధంలో కూలిన దాన్ని 2004లో మళ్లీ కట్టారు. కొవ్వూరు నుంచి రాజమండ్రికి గోదావరి దాటడం అంటే ఏమిటో తెలిసినదాన్ని కాబట్టి సరిహద్దు నది అనగానే పెద్దగా ఊహించుకున్నాను. తీరా చూస్తే మా వైపు పంటకాలువ కన్నా కాస్త వెడల్పు. అవతలి ఒడ్డున ఎవరో కుక్కని పిలుస్తుంటే ఇవతలికి వినపడుతోంది. వంతెన మధ్యలో నిలబడి అమ్మకి వీడియో కాల్ చేశాను. "గేటు లేదేమే? పోలీసులు లేరేమే?" అని అడిగింది. ఆ రోజు నిజంగానే లేరు. వంతెన దిగేసరికి బోర్డుల మీద భాష మారింది, ధరలు జ్లోటీల్లోకి మారాయి.

అక్కడి నుంచి పోలండ్ రైల్లో రెండున్నర గంటలు వెళ్తే ఒక ఊరు. ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి మనవాళ్లు దాన్ని వ్రోక్లా అంటారు, అక్కడివాళ్లు పలికేది వ్రోత్స్వాఫ్. 1945 దాకా అదీ జర్మన్ ఊరే, పేరు బ్రెస్లావ్. వీధుల్లో కాలి పక్కన, కిటికీ గట్ల మీద, దీపస్తంభాల మీద వందలకొద్దీ బుల్లి కంచు మరుగుజ్జులు కనిపిస్తారు. 1980లలో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఎగతాళి చేస్తూ గోడల మీద మరుగుజ్జుల బొమ్మలు గీసిన ఆరెంజ్ ఆల్టర్నేటివ్ ఉద్యమానికి గుర్తులు అవి. బార్ మ్లెచ్‌నీ అనే క్యాంటీన్లున్నాయి. కమ్యూనిస్టుల కాలం నుంచీ ఉన్నవి. ట్రే పట్టుకుని లైన్లో నిలబడితే, పియెరోగి అని మన కజ్జికాయలాంటి ఆకారంలో ఉడికించిన బంగాళాదుంప పిండివంట, వేడి సూప్ పెడతారు. నాలుగైదు యూరోల్లో కడుపు నిండింది.

అయితే నేను చెప్పాలనుకున్నది సాయంత్రం గురించి. ఓస్త్రూఫ్ తుమ్‌స్కి అని నది పాయల మధ్య ఆ ఊరి అతి పాత భాగం ఉంది. అక్కడ ఇప్పటికీ వీధి దీపాలు గ్యాస్‌వి. పొద్దుగుంకేవేళ నల్లటి అంగీ, ఎత్తైన టోపీ పెట్టుకున్న మనిషి చేతిలో పొడవాటి కర్రతో వస్తాడు. ఒక్కో స్తంభం దగ్గర ఆగి, కర్ర పైకెత్తి, దీపం ముట్టిస్తాడు. వంద దాకా దీపాలు, ప్రతి సాయంత్రం. నేను ఆయన వెనకాలే నడిచాను. కర్ర కొస తగలగానే చిన్న చప్పుడు, ఒక క్షణం ఏమీ ఉండదు, తర్వాత మంట పసుపుగా నిలబడుతుంది. ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, తొందరపడలేదు. నేను పదహారు దీపాలు లెక్కపెట్టి ఆగిపోయాను. హాస్టల్‌కి వెళ్లి తొమ్మిది గంటలు పడుకున్నాను. మర్నాడు సాయంత్రం మళ్లీ అక్కడికే వెళ్లాను.

రెండు రాత్రులు, మూడు పగళ్లు. మొత్తం 96 యూరోలు.

ఇది చెప్పినప్పుడల్లా నా స్నేహితులు రెండు మాటలంటారు. మొదటిది, "మిలాన్ ఎక్కడ, ఆ పేరు పలకని ఊరెక్కడ? ఇంటికి ఫోన్ చేస్తే పారిస్ చూశావా, రోమ్ చూశావా అంటారు గానీ గోర్లిట్జ్ ఎవడడుగుతాడు?" ఈ ఒత్తిడి నిజం. చుట్టాల పెళ్లిలో మా అమ్మని కూడా అడిగారు. కానీ ఆ అడిగేవాళ్ల కోసం మన 15 గంటల పని ఖర్చుపెట్టాలా? పారిస్, రోమ్ వద్దని నేననను. వాటికి తగ్గట్టు వెళ్లమంటాను. జర్మనీలో స్పీడు రైళ్ల టికెట్లు చాలా నెలల ముందు నుంచే అమ్ముతారు, తొందరగా కొంటే తక్కువ ధరలు దొరుకుతాయి. మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా వెరోనాకి పగటి రైళ్లున్నాయి, ఆల్ప్స్ అంతా కిటికీలోంచే కనిపిస్తుంది. మిలాన్‌కి నేను మళ్లీ వెళ్తాను, ఆ దారిలో, ఐదు రోజులు పెట్టుకుని. రెండేళ్లలో నాలుగు పెద్ద ఊళ్లు అలా చూస్తే, పద్నాలుగు ఊళ్ల స్టేషన్లు చూసిన దాని కన్నా నయం.

రెండో మాటకి జవాబు చెప్పడం కష్టం. "ఇంటి మీద లోన్ ఉంది. నాన్న నెలనెలా వడ్డీ కడుతున్నాడు. ఇలాంటప్పుడు తిరగడమే తప్పు, తిరిగితే అతి చవగ్గా, ఒళ్లు హూనం చేసుకుని తిరగాలి." ఇది నేనూ అనుకున్నాను. ఎయిర్‌పోర్టు నేల మీద పడుకున్నప్పుడు నాకు ఒక రకంగా తృప్తిగానే ఉంది, నాన్న డబ్బుకి న్యాయం చేస్తున్నానని. ఇప్పుడు అలా అనిపించదు. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి వచ్చే 992 యూరోల్లో అద్దె, ఇన్సూరెన్స్, తిండి పోగా మిగిలేది కొంచెం. ఆ కొంచెంలోంచి రెండు నెలలకోసారి 90, 100 యూరోలు పెట్టి ఒక ఊరు కళ్లారా చూసి రావడంలో నాకు తప్పు కనిపించడం లేదు. ఒళ్లు కష్టపెట్టుకుంటే అప్పు తీరదు. సోమవారం క్లాసు పోతుంది, అది కూడా నాన్న డబ్బే.

పోయిన వారం కింద గదిలో ఉండే అమ్మాయి పైకి వచ్చింది. ఈ అక్టోబర్‌లోనే కొత్తగా వచ్చింది, ఏలూరు వైపు. "అక్కా, బార్సిలోనా రానూపోనూ 44కి దొరికింది" అని ఫోన్ చూపించింది. ఎన్నింటికి ఫ్లైట్ అని అడిగాను. పొద్దున ఆరు ఐదుకి. ముందురోజు రాత్రి ఎక్కడ పడుకుంటావంటే ఎయిర్‌పోర్టులో అంది. టికెట్ అప్పటికే కొనేసింది, డబ్బు వెనక్కి రాదు. అందుకని ఇంకేం చెప్పలేదు. ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో చవకైన హాస్టల్ ఒకటి వెతికి, ఆ ఒక్క రాత్రికి మంచం బుక్ చేయించాను. నా చిన్న బ్యాగు ఇచ్చాను, కొలతలకి సరిపోయేది. పాస్‌పోర్టూ కార్డూ నడుముకి కట్టుకునే సంచి కూడా ఇచ్చాను.

వెళ్లే ముందు సంచిలో ఏం పెట్టుకున్నావో చూపించమన్నాను. బట్టల మధ్య ఆవకాయ సీసా ఉంది, వాళ్లమ్మగారు మూతకి గుడ్డ కట్టి పంపింది. దాన్ని నా ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లమన్నాను. పెట్టి వెళ్లింది.